ఒపీనియన్ చెప్పాల్నా, మర్యాద చెప్పాల్నా

నిన్న సాయంత్రం చాయ్ తాగుతుంటే ఫోన్ టింగుమంది. ఒక పాత దొరల గడి మీద నేను తీసిన డాక్యుమెంటరీ కింద ఎవరో కొత్తగా అభిప్రాయం రాశారు. దాన్ని యూట్యూబులో పెట్టి చాలా కాలమైంది. ఈ మధ్య నేను తప్ప ఇంకెవరూ చూస్తున్నట్టు లేదు. అందుకని కప్పు పక్కన పెట్టి, అద్దాలు తుడుచుకుని, మా ఆవిడకు వినపడేలా గట్టిగా చదివాను.

"అన్నా, గడి సూపరున్నది. నువ్వు జర పక్కకు జరుగు. ఎనుక దర్వాజ కనపడ్తలేదు."

మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. నేనూ నవ్వాను. ఒకప్పుడైతే రాసినవాడెవడో, ఏ ఊరివాడో, వాడు జీవితంలో ఏం సాధించాడో వెతికి చూసేవాణ్ణి. నిన్న మాత్రం మామ గుర్తొచ్చాడు. ఈ మాట అందరికంటే ముందు అన్నది ఆయనే. పోయిన వానాకాలంలో ఆయన పోయాడు.

మామ అంటే సొంత మామ కాదు. వరంగల్ చౌరస్తా దాటి లోపలికి పోతే వచ్చే బజారులో ఆయనకు చీరల దుకాణం ఉండేది. ఆ దుకాణం పైన వాటాలో మేం అద్దెకుంటాం. సామాను దించిన రోజే ఆయన నన్ను "అల్లుడా" అన్నాడు, నేను "మామా" అన్నాను, అంతటితో చుట్టరికం ఖాయమైపోయింది. దాని వల్ల ఆయనకు కలిగిన లాభం ఏమిటంటే, ఎప్పుడంటే అప్పుడు మెట్లెక్కి వచ్చి నా ముఖం మీద నిజం చెప్పే హక్కు.

ఏది చూపించినా ఆయన ముందు ఒక ప్రశ్న అడిగేవాడు. "ఒపీనియన్ చెప్పాల్నా, మర్యాద చెప్పాల్నా?"

తెలివైనవాళ్లు మర్యాదే చెప్పమనేవాళ్లు. "మస్తున్నది" అని ఒక్క మాట అనేసి ఆయన తన పనిలో పడిపోయేవాడు. ఒపీనియన్ అడిగినవాళ్లకు మాత్రం స్టూలు జరిపి కూచోబెట్టి, చాయ్ తెప్పించి చెప్పేవాడు. ఎదురింటివాళ్ల కొత్త గేటు, పక్క వీధి పెళ్లిలో పప్పు, మా ఆవిడ చేసిన సర్వపిండి, నేను తలకు రంగేసుకున్న తీరు, ఏదీ ఆయన నుంచి తప్పించుకోలేదు. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి ప్రతిసారీ ఒపీనియనే అడిగి, ప్రతిసారీ రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగేవాణ్ణి.

మాట్లాడుతున్నంతసేపు ఎదుటివాడి చొక్కా అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపేవాడు. మాట ఒకవైపు, వేళ్లు ఒకవైపు. దవాఖానలో డాక్టరు ఆయన నాడి చూస్తుంటే, ఆయన డాక్టరు కోటు చెయ్యి చూశాడు. "పొద్దంత ఏసుకుంటరు, జర కాటన్ది తీస్కోండ్రి సార్" అన్నాడు. రంగుల దగ్గరైతే మరీ పట్టుదల. ఎరుపు అంటే ఊరుకునేవాడు కాదు. "ఏ ఎరుపు? మిరపపండా, కుంకుమనా, దానిమ్మ గింజనా? సక్కగ చెప్పు" అనేవాడు.

కానీ ఒక వింత ఉండేది. లోకంలో అన్నిటి మీదా ఒపీనియన్ ఉన్న ఆ మనిషి, తాను పొద్దంతా అమ్మే చీరల మీద మాత్రం చెప్పేవాడు కాదు. "శేటు, ఈ రెండిట్ల ఏది బాగున్నది?" అని ఏ ఆడమనిషైనా అడిగితే, చూపు పక్కకు తిప్పేసుకునేవాడు. "ఇది గడి పసంద్ అమ్మా" అని చిలకపచ్చదో, మిరపపండుదో, నిమ్మపండు పసుపుదో ముందేసేవాడు. దొరల ఇండ్లలో ఆడవాళ్లు మెచ్చిన రంగులని అర్థం. ఆ మాట వినగానే వచ్చినవాళ్లు చీర చేతిలోకి తీసుకునేవాళ్లు. పాలకుర్తి నుంచి నర్సంపేట దాకా ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమంది చిలకపచ్చగా కూర్చున్నారో.

దుకాణం వెనక గదిలో ఆయన భార్య, నాకు అత్తమ్మ, చీరలకు ఫాల్స్ కుట్టేది. మామ మాట్లాడుతుంటే ఆమె దారం పంటితో తెంపుతూ వినేది. ఆమె మాట్లాడగా నేను విన్నది తక్కువ.

ఇక నా సంగతి. నేను హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తాను. చరిత్ర మీద నాకు చాలా ప్రేమ. చరిత్రకు నా మీద ఉన్నట్టు ఇంతవరకు దాఖలా లేదు. తొర్రూరు దిక్కున ఒక పల్లెలో పాత గడి ఉంది. గడి అంటే ఆ ఊళ్లను ఏలిన దొరల భవంతి. ఏనుగు పట్టేంత దర్వాజ, పైన కాపలా బురుజు, ముందు పెద్ద వసారా లాంటి దాలాన్, దాని వెనక ఆకాశం కనపడే నడివాకిలి చౌకు, చౌకు చుట్టూ ఆడవాళ్లుండే గదులు, అర్రలు. దొరలు పట్నం పోయి చాలా ఏళ్లయింది. లోపల గబ్బిలాలు, ఒక వాచ్‌మన్, వాచ్‌మన్ మేకలు మిగిలాయి. అది కూలిపోకముందే లోకానికి చూపించే బాధ్యత నా మీద పడిందని నాకు అనిపించింది. ఇంకెవరికీ అనిపించలేదు.

కెమెరాకు పెళ్లి వీడియోలు తీసే ఒక స్నేహితుణ్ణి పట్టుకుపోయాను. తలనెరిసిన మనిషి, వరంగల్లో సగం పెళ్లిళ్లు ఆయన చేతి మీదుగా జరిగాయి. ఆయన వృత్తిలో ఒకటే నియమం: ఏమైనా కానీ, పెళ్లికొడుకు ఫ్రేములోంచి పోకూడదు. గడికి వెళ్లాక పెళ్లికొడుకు కోసం చుట్టూ చూశాడు. కొత్త ఖద్దరు లాల్చీ వేసుకుని, జుట్టు దువ్వుకుని నేను కనపడ్డాను.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, మీరు ఎటు పోయినా మిమ్ముల ఇడువ" అన్నాడు.

విడవలేదు. నేను దర్వాజ దగ్గర నిలబడితే దర్వాజ నా రెండు చెవుల పక్కన కొంచెం కొంచెం కనపడింది. చెక్కిన స్తంభం నా వీపు వెనక నిలబడి ముగిసిపోయింది. పైకప్పు కళ చూపిస్తూ నేను చెయ్యెత్తితే కెమెరా నా చేతిని, చేతికున్న గడియారాన్ని దగ్గరగా చూపించింది. ఎడిటింగులో ఇవన్నీ చూసి నాకేమీ లోపం కనపడలేదు. పైగా ఎంత బాగా వచ్చానో అనుకున్నాను. గడి గురించి అనుకోవడం గుర్తు రాలేదు.

వీడియో పెట్టాక అభిప్రాయాలు రావడం మొదలైంది. మొదటిది మా ఆవిడది, చప్పట్లు కొట్టే బొమ్మ. ఆ తర్వాత ఒకాయన, "సార్, నిద్ర పట్టక రోజూ ఇబ్బంది పడేవాణ్ణి. ఇప్పుడు మీ వీడియో పెట్టుకుంటున్నా, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అని రాశాడు. దాన్ని చాలా సేపటి దాకా పొగడ్త అనుకున్నాను. ఒకరు లాల్చీ ఎక్కడ కొన్నారని అడిగారు. ఒకరు అదే దారిలో ప్లాట్లు అమ్మకానికున్నాయని రాశారు. దొరలను నెత్తిన పెట్టుకున్నావని ఒకడు తిట్టాడు, దొరల పరువు తీశావని ఇంకొకడు తిట్టాడు. ఆ ఇద్దరూ నా వీడియో కింద వారం రోజులు కొట్టుకుని, చివరికి వ్యాఖ్యానం బాగాలేదన్న దగ్గర రాజీపడ్డారు.

ఒక్క అభిప్రాయం మాత్రం చదివి నవ్వలేకపోయాను. "మా తాత ఈ గడి ముందట చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండట. మీరు బూట్లేసుకొని లోపల దాకా నడుస్తాంటె చూసిన. మంచిగనిపించింది. మీరు చెప్పింది మాత్రం వినలేదు, సౌండ్ బంద్ పెట్టిన."

ఇది మామకు చదివి వినిపించాను. కొలుస్తున్న గజం బద్ద పక్కన పెట్టి, "మల్ల చదువు" అన్నాడు. మళ్లీ చదివాక, "గిదీ ఒపీనియన్ అంటే" అన్నాడు.

మామ దుకాణంలో చీరల డిజైన్లు చూపించడానికి గోడకొక టీవీ ఉండేది. దాంట్లో నా డాక్యుమెంటరీ పెట్టించాడు. నేను ఉబ్బిపోయాను. రోజూ కాలేజీకి పోతూ వస్తూ దుకాణం ముందు అవసరం లేకపోయినా ఆగేవాణ్ణి. లోపల నా గొంతు మోగుతుండేది. చీరలు చూసే ఆడవాళ్లు "ఏం సీరియల్ శేటూ?" అని అడిగితే, "మా అల్లుడు. ఇంక ఒడ్వలే, ఎప్పుడయిపోతదో ఏమో" అనేవాడు.

కొన్నాళ్లకు గమనించాను. ఆయన మొత్తం చూడడం లేదు. చౌకు దాటి, ఆడవాళ్లుండే లోపలి అర్రలోకి నేను అడుగు పెట్టే చోటికి రాగానే, చేతిలో పని వదిలేసి టీవీ దగ్గరికి వచ్చేవాడు. అక్కడ నేను తెర నిండా నిలబడి, "ఈ అంతఃపుర స్త్రీలకు ఉజ్జ్వలమైన వర్ణాలంటే ఎనలేని మక్కువ, వారి సౌందర్య దృష్టికి ఇది నిదర్శనం" అని చెప్తుంటాను. ఆ సమాచారం మామ దుకాణంలో దొరికిందే, గడి పసంద్ మాటను కాస్త గ్రాంథికం చేశానంతే. నేనలా చెప్తుంటే మామ మెడ ఒక పక్కకు వంచేవాడు. ఇంకో పక్కకు వంచేవాడు. టీవీలో నా భుజం పక్కనుంచి తొంగి చూడాలని ఆయన ప్రయత్నం. అర్ర అయిపోయి నేను బయటికి రాగానే టీవీ కట్టేసి, మళ్లీ మొదటి నుంచి పెట్టేవాడు.

"ఎట్లుంది మామా?" అని ఒకరోజు అడిగాను.

"ఒపీనియన్ చెప్పాల్నా, మర్యాద చెప్పాల్నా?"

"ఒపీనియనే."

స్టూలు జరిపాడు. "అల్లుడా, నువ్వు మంచిగున్నవ్. లాల్చీ సుత మంచిగున్నది. జర పక్కకు జరిగితె గడి కనపడ్తుండె."

నేను కళ గురించి ఆయనకు చాలాసేపు వివరించాను. వ్యాఖ్యాత ముఖం ప్రేక్షకుణ్ణి చరిత్రతో కలుపుతుందని చెప్పాను. ఆయన నా చొక్కా కాలరు నలుపుతూ ఓపికగా విన్నాడు. ఆఖరుకు, "ఇది మిక్సింగ్ బట్ట, ఉతికితె గుంజుకుంటది" అన్నాడు.

ఆ నెలలోనే ఒక లైబ్రరీ హాలులో డాక్యుమెంటరీ ప్రదర్శన పెట్టుకున్నాను. చివర్లో ప్రేక్షకుల అభిప్రాయాల కార్యక్రమం. ముఖ్య అతిథి నన్ను ఒక శాలువతో సత్కరించాడు. ఆ శాలువ కొనుక్కొచ్చి ఆయన చేతికిచ్చింది నేనే. ముందు ముగ్గురు మా కాలేజీవాళ్లు లేచి, అద్భుతమన్నారు. నాలుగో మనిషి మామ. స్టేజి మీదికి వచ్చి, మైకు తీసుకుని, రెండో చేత్తో నా భుజం మీది శాలువ అంచు పట్టుకున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. శాలువ మీద మాత్రం దయ తలచి ఏమీ అనలేదు.

"అందరికి నమస్కారం. నాదొక్కటే అడుగుడు. లోపలి అర్ర ఎందుకు చూపియ్యలే?"

"చూపించాను కదా మామా" అన్నాను, మైకు వైపు వంగి.

"నిన్ను చూపిచ్చినవ్. అర్ర చూపియ్యలే."

జనం నవ్వారు. నేను ఇంకో మైకు తీసుకుని దృశ్యభాష అనీ, అంతర్లీన సూచన అనీ ఏదో చెప్పాను. ఆయన తల ఊపుతూ విని, "ఆ భాష నాకు రాదు అల్లుడా. ఆ అర్రకు కిటికీ ఏడున్నది, ఆడోళ్లు ఏడ కూసుంటుండె, అది చూపియ్యి సాలు" అని మైకు నా చేతిలో పెట్టి దిగిపోయాడు. చప్పట్లు మోగాయి. ఆ రోజు కొట్టిన చప్పట్లలో అవే పెద్దవి.

తర్వాత నేను దుకాణం ముందు ఆగడం మానేశాను. మెట్లు ఎక్కేటప్పుడు ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించేవాణ్ణి. మూడో రోజో నాలుగో రోజో ఫోన్ చెవి దగ్గర ఉండగానే మోగింది. దుకాణం అరుగు మీద నుంచి మామ చూశాడు.

"అబద్ధం సుత సక్కగ ఆడవస్తలేదు నీకు. రా, కూసో" అన్నాడు.

బేరాల్లేని మధ్యాహ్నం. విప్పిన చీరలు కుప్పగా పడి ఉన్నాయి. ఆయన వాటిని మడుస్తూ మాట్లాడాడు. ఆయన ఎదుటివాడి బట్ట ముట్టుకోకుండా మాట్లాడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"నాకు మీసాలొస్తాన్నప్పటి ముచ్చట. మా బాపు నేను మూటలు కట్టుకొని ఆ గడికి పోతుంటిమి. ముంగట దాలాన్ల సాప ఏస్తరు. మేం ఆడనే కూసోవాలె. దొరసానులు మగోళ్ల ముంగటికి రారు. లోపల్నుంచి ఒక పనామె వస్తది, చీరలన్ని సందిట్ల ఎత్తుకొని పోతది. పసందైనయి లోపల్నే ఉంటయి. కానియి వాపస్ వస్తయి. మంచిగున్నదని గని, లేదని గని ఒక్క మాట ఉండదు. వాపస్ వచ్చుడే ఒపీనియన్."

"మీరు వాళ్లనెప్పుడూ చూడలేదా?"

"గోరు సుత చూడలే. ఏ చీర ఉంచుకున్నరో దాన్ని బట్టి మనిషిని అనుకునుడే. ఒకపారి మా బాపు అన్నడు, ఈసారి నువ్వొక చీర ఏరురా, నీ కన్ను ఎట్లున్నదో చూస్త అని. నారాయణపేట చీర ఏరిన. పావురం రంగు. మెడ కాడ పావురం ఉంటది చూడు, ఆ రంగు. సన్నటి ఎర్రంచు. అన్నిటి మీద పెట్టి పంపిన. అల్లుడా, నా పానమంత దాని మీదనే ఉండె."

మడత ఆపి, ఆ చీర అక్కడే ఉన్నట్టు కొంచెంసేపు చూశాడు.

"అన్నిటికంటె ముందు అదే వాపస్ వచ్చింది. చిలకపచ్చయి, మిరపపండుయి లోపలుంచుకున్నరు. తొవ్వ పొడుగుత మా బాపు ఒకటే తిట్టుడు. నీ కండ్లు దుకాణానికి పనికి రావు, ఇగ ఎవలకు ఏ చీర మంచిదని చెప్పకు అన్నడు. ఆయన మాట కాదన్లే. అప్పటిసంది గడి పసందే అమ్మిన. దుకాణం నడిచింది. కని నా కన్ను మీద నాకు భరోస పోయింది. ఎవలన్న ఏది మంచిగున్నదని అడిగితె ఇప్పటికి గుండె దడ వస్తది."

అప్పుడు నాకు అర్థమైంది, ఆయన మెడ అటూ ఇటూ వంచి నా భుజం వెనక ఏం వెతికేవాడో. ముసలితనంలో కూడా ఆయనకు తేలని లెక్క ఒకటే. ఆ అర్రలో కూర్చున్న ఆడవాళ్లకు తన చీరలో ఏం తక్కువ కనపడింది? ఎక్కడ కూర్చుని చూశారు, ఎట్లా చూశారు? ఆ ఒక్కటి తెలుసుకోవడానికి ఆయన ఎన్నిసార్లు చూసినా, అక్కడ నేను నిలబడి వర్ణాల గురించి ఉపన్యాసం ఇస్తున్నాను. నన్ను నేనే తిట్టుకున్నాను.

"నేను తీసుకుపోతా మామా, కారులో పోదాం" అన్నాను.

పోలేకపోయాం. ముందు ఆయన మోకాళ్లు మొరాయించాయి. తర్వాత ఆయన గుండె. దవాఖానలో ఉన్నప్పుడే పెద్ద వానలు పడి, గడిలో చౌకు చుట్టూ ఉన్న అర్రల కప్పు కూలిందని వాచ్‌మన్ ఫోన్ చేశాడు. ఆ సంగతి మామకు చెప్పాను. "అట్లనా" అన్నాడు మామ. మంచం మీది దుప్పటి అంచు పట్టుకుని నలుపుతూ కూర్చున్నాడు. అది ఏం బట్టో చెప్పలేదు.

నేను కెమెరా స్నేహితుడి స్టూడియోకు పరుగెత్తాను. మేం తీసి వాడకుండా వదిలేసినవన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. లోపలి అర్రలో తీసినవన్నీ ఒక్కొక్కటే చూశాం. అర్రలో నేను. అర్రలో నేను తల తిప్పుతూ. అర్రలో నేను తల దువ్వుకుంటూ. నేను లేని గోడ జానెడు కూడా లేదు.

"చూసిండ్రా సార్? ఒక్క ఫ్రేముల సుత మిమ్ముల మిస్ చెయ్యలే" అన్నాడాయన గర్వంగా.

చిట్టచివరన ఒకటి దొరికింది. అన్నం తినడానికి బయటికి పోయినప్పుడు ఆయన కెమెరా బంద్ చేయడం మరిచిపోయాడట. దాన్ని చూపించడానికే ఆయన సిగ్గుపడ్డాడు. నేను ఫోన్లో వేసుకుని నేరుగా మామ దగ్గరికి పోయాను.

దవాఖాన నుంచి తెచ్చాక ఆయన మంచం దుకాణం వెనక గదిలోనే వేశారు. పక్కన అత్తమ్మ తలుపు వెలుతురులో కూర్చుని ఎవరిదో చీరకు ఫాల్ కుడుతోంది. నేను మంచం మీద కూర్చుని ఫోన్ ఆయన ముఖం ముందు పట్టుకున్నాను.

ఖాళీ అర్ర. చౌకు వైపు తెరిచిన తలుపుల్లోంచి మంచి వెలుతురు వస్తోంది. గోడకు చిలక్కొయ్యలు. ఒకదానికి ఆ రోజు నేను కప్పుకుపోయిన బూడిద రంగు శాలువ, పక్కదానికి కెమెరా స్నేహితుడి చిలకపచ్చ తువ్వాల వేలాడుతున్నాయి. బయటెక్కడో నేను పెరుగు లేదని విసుక్కుంటున్న గొంతు వినపడుతోంది.

"దీంట్ల నువ్వు లేవా?" అన్నాడు మామ.

"లేను మామా. అన్నం తింటున్న."

"మంచి పని చేసినవ్."

తర్వాత వాచ్‌మన్ వచ్చాడు. మేం తిని వచ్చేలోగా మేకలు దూరకుండా తలుపులు మూయడం మొదలుపెట్టాడు. టప్ మని ఒకటి, టప్ మని ఇంకొకటి. ఒక్కొక్క తలుపు మూతపడే కొద్దీ అర్ర నల్లబడింది. ఆఖరి తలుపు పడ్డాక, పైన కప్పు దగ్గర పిడికిలంత కంతల్లోంచి సన్నటి వెలుగు మాత్రం మిగిలింది. కిటికీ అన్నది లేదు.

మామ ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు. ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"నీ శాలువ తీసినవా?"

"లేదు మామా. అక్కడే ఉంది."

"తువ్వాల కనపడ్తాంది."

"అవును."

"శాలువ కనపడ్తలేదు."

"అవును మామా."

మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. ఈసారి కళ్లు మూసుకుని విన్నాడు. తలుపుల చప్పుడు దగ్గర ఆయన వేళ్లు దుప్పటి మీద బిగుసుకున్నాయి.

"గిదే సప్పుడు" అన్నాడు. "మేం దాలాన్ల మూటలు దించంగనే వినపడ్తుండె. టప్, టప్ అని. మగోళ్లొచ్చిండ్రు గదా, లోపలి తలుపులన్ని ఏస్తరు, రివాజు. మాకు మర్యాదిస్తాన్రు అనుకుంటుంటిమి." కళ్లు తెరిచాడు. "మేం ఆడికి పోతేనే ఆళ్లకు చీకటైతుండె అల్లుడా. ఆ చీకట్ల కూసోని రంగులు ఏరిండ్రు. పాపం, ఏం కనపడ్తె అదే ఉంచుకున్నరు. చిలకపచ్చ కనపడ్డది, మిరపపండు కనపడ్డది. గడి పసంద్ అని ఊరంత అమ్మిన గదరా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన కోసమో, బట్టల మూట వచ్చిన ప్రతిసారీ తలుపులు మూసుకుని కూర్చున్న ఆ ఆడవాళ్ల కోసమో చెప్పలేను. వాళ్ల సౌందర్య దృష్టి గురించి అదే అర్రలో నిలబడి నేను చెప్పిన మాటలు తలచుకుంటే చెవులు కాలాయి.

"అంటె నా చీర మంచిదేనా?" అన్నాడు మామ. అరవై ఏళ్లుగా అడగాలనుకున్నది అదే కావచ్చు.

"తప్పకుండా మంచిదే మామా" అన్నాను గబగబా.

"నువ్వు చూడనే లేదు. మర్యాద చెప్తానవ్" అన్నాడు.

అత్తమ్మ దారం పంటితో తెంపింది. తలెత్తకుండానే అంది.

"మంచిదే. నేను కట్టలేదా?"

ఇద్దరం ఆమె వైపు తిరిగాం.

"గడికెళ్లి వాపస్ వచ్చిన చీర ఎవలు కొంటరు కొడుకా? మూలకు పడ్డది. నా పెండ్లికి మా మామ, మీ మామ వాళ్ల బాపు, అదే తెచ్చి చీరలల్ల పెట్టిండు. సినిగేదాంక కట్టిన. కొత్తలనే చెప్పిన నేను, ఈ చీర మంచిగుంటదని. గడిలోళ్లే వద్దన్నరు, నీకేమెరుక అన్నడు మీ మామ. ఇగ నేనెందుకు చెప్త?"

ఆమె కోపంగా అనలేదు. ఫాల్ అంచు సరిచేస్తూ మామూలుగా అంది. మామ ఆమెనే చూస్తున్నాడు. ఎవరినైనా ఎదుట కూచోబెట్టుకుని చెప్పడమే తప్ప అడగడం ఎరగని మనిషి అడిగాడు.

"ఇప్పుడు చెప్పు. ఎట్లుండె?"

అత్తమ్మ సూది బట్టకు గుచ్చి పక్కన పెట్టింది.

"పొద్దుగాల ఒక తీరుంటుండె, పొద్దూకంగ ఒక తీరు. నీడల నిలబడితె ఏం లేనట్టే ఉంటుండె. ఎండలకు అడుగు పెడితె లోపల్నుంచి నీలం లేస్తుండె, పచ్చ లేస్తుండె. నీళ్లకు పోతె తోటోళ్లంత పట్టి పట్టి చూస్తుండిరి, ఏడ దొరికిందని. మా ఆయన ఏరిండు అంటుంటి."

మామ దిండు మీద తల వాల్చి, చెయ్యి చాచి ఆమె చీర అంచు పట్టుకున్నాడు. నలపలేదు, ఊరికే పట్టుకున్నాడు.

"ఇంక చెప్పు" అన్నాడు.